గజ్జలలో మానని దురద: మందుకు ముందు రోగ నిర్ణయము



వరి ఆకు పసుపు రంగుకు తిరిగినప్పుడు తెలివిగల రైతు వెంటనే యూరియా బస్తా మూతి విప్పడు. ముందుగా మడిలో దిగి ఆకును చేతిలోనికి తీసుకొని చూచును. ముదురాకులు ముందుగా పసుపెక్కినచో నత్రజని లోపమని తలచును. ఆకులపై తుప్పు వంటి మచ్చలు వచ్చి పైరు గిడసబారినచో జింకు లోపమని అనుమానించును. పచ్చదీపపు పురుగులు ఎగురుచు, ఆకులు నారింజ వన్నెకు తిరిగినచో టుంగ్రో వైరసు తెగులేమో అని చూచును. మూడింటికిని పైకి కనబడు లక్షణము పసుపు రంగే. మూడింటికిని చేయవలసిన పని మాత్రము వేరు. ఇక అగ్గితెగులు సోకిన మడికి యూరియా చల్లినచో ఏమగునో మీకు చెప్పనక్కరలేదు. పైరు కొలది దినములు నల్లగా కళకళలాడును. పిదప తెగులు రెట్టించి మడి అంతయు తగులబడినట్లగును.

పైరు విషయమున ఇంత జాగ్రత్త చూపు మనము, మన ఒంటి విషయమున చూపుట లేదు. ముఖ్యముగా తొడల సందులలోను, మర్మస్థానము వద్దను వచ్చు దురద సంగతి ఇంట చెప్పము, వైద్యునికి చూపము. మందుల షాపులో నలుగురు లేని వేళ చూచి, గొంతు తగ్గించి, "దురదకు ఏదైనా ట్యూబు ఇవ్వండి" అని అడిగి తెచ్చుకొందుము. అది అగ్గితెగులు మడికి యూరియా చల్లుట వంటిదని చెప్పుటకే ఈ వ్యాసము.

నా అనుభవము

నేను సస్యశాస్త్రము బోధించువాడను, వైద్యుడను కాను. కొన్ని సంవత్సరముల క్రిందట సార్వా కాలమున వరి ప్రయోగ మళ్లలో నాలుగు నెలలు పని చేసితిని. ఉదయము మొదలు మధ్యాహ్నము వరకు ఒంటిపై తడిబట్టలే. శ్రావణ మాసము నాటికి కుడి గజ్జలో రూపాయి బిళ్లంత ఎర్రని మచ్చ, దానితో దురద మొదలైనవి. మందుల షాపు యజమాని ఒక ట్యూబు ఇచ్చెను. మూడు దినములలో దురద పోయినది. "మంచి మందు" అని సంతోషించితిని. మానిన పది దినములకు దురద మరల వచ్చినది. ఈ మారు అరచేతి వెడల్పున వచ్చినది. మరల ట్యూబు, మరల ఊరట, మరల దురద. ఈ విధముగా ఎనిమిది నెలలు గడచినవి. మచ్చ పిరుదుల మీదికిని, నడుము వరకును ప్రాకినది.

ఆ ఎనిమిది నెలలలోను నేను తరగతిలో విద్యార్థులకు "ముందు గుర్తించుడు, తరువాత పిచికారీ చేయుడు" అని పాఠము చెప్పుచునే యుంటిని.

చివరకు నన్ను ఆసుపత్రికి నడిపించినది నా బాధ కాదు. మూడేండ్ల మా అమ్మాయి మెడపై గుండ్రని మచ్చ కనబడినది. నా భార్య ఆ పిల్లను వైద్యురాలికి చూపగా, ఆమె మచ్చ చూచిన తోడనే "ఇంట్లో ఇంకెవరికి ఉంది?" అని అడిగినదట. ఆ రాత్రి నేను సంగతి చెప్పవలసి వచ్చినది. మరునాడు నేనును పోయితిని. చర్మవ్యాధుల వైద్యుడు నేను తీసుకొనిపోయిన ఖాళీ ట్యూబులు అయిదింటిని బల్లపై వరుసగా పెట్టి, మచ్చ అంచున పొలుసు గోకి సూక్ష్మదర్శినిలో చూచి, "మీరు ఆకు చూడకుండా మందు చెబుతారా మాస్టారూ?" అని మాత్రము అనెను. నాకు బదులు తోచలేదు. పూర్తిగా నయమగుటకు పది వారములు పట్టినది. ఆ ట్యూబుల వలన తొడల లోపలి చర్మమున ఏర్పడిన తెల్లని చారలు మాత్రము ఇప్పటికిని పోలేదు.

దురద ఒకటే, కారణములు పెక్కు

గజ్జలలో వచ్చు ప్రతి దురదయు గజ్జి కాదు. ప్రతి దురదయు తామర కాదు. ప్రతి దురదయు సుఖవ్యాధి అంతకన్న కాదు. రైతులలో తరచుగా కనబడు కారణములను, వాటి గుర్తులను క్రింద వివరించుచున్నాను. ఇవి మీ అంతట మీరు వైద్యము చేసికొనుటకు కాదు. వైద్యుని వద్ద మీ బాధను సరిగా చెప్పుకొనుటకు మాత్రమే.

1. తామర. ఇది శిలీంధ్రము వలన వచ్చును. పైరుపై మచ్చతెగుళ్లు కలిగించు జీవుల జాతికి చెందినదే. తొడ లోపలి వైపున మొదలై గుండ్రముగా ప్రాకును. అంచు కొంచెము ఉబ్బి, ఎర్రగా, పొలుసులతో నుండును. నడుమ భాగము తేరుకొన్నట్లు కనబడును. సాధారణముగా బీజముల తిత్తి చర్మమునకు అంతగా సోకదు. తడి, చెమట, బిగుతు బట్ట దీనికి అనుకూలము. కాలి వ్రేళ్ల సందులలో ఒరుపు ఉన్నచో, అక్కడి నుండి డ్రాయరు తొడుగునప్పుడు గజ్జలకు ఎక్కవచ్చును. తువాలు, పంచె, పడక కలిసి వాడుకొన్నచో ఇంటిలోని వారికి అంటుకొనును.

శిలీంధ్రము ప్రాణికి రోగము తెచ్చునని మొదట ఋజువైనది పట్టుపురుగు పైననే. ఇటలీ దేశీయుడగు అగోస్టినో బస్సీ 1835లో పట్టుపురుగుల సున్నపుకట్టు తెగులునకు శిలీంధ్రమే కారణమని చూపెను. తరువాత కొలది సంవత్సరములకే మనుష్యుని చర్మ రోగములలోను శిలీంధ్రములు కనుగొనబడినవి. తామరకు మొట్టమొదట లోపలికి ఇచ్చిన మందు గ్రిసియోఫల్విన్. దానిని 1939లో ఒక బూజు నుండి తీసిరి. మొదట దానిని పైరు తెగుళ్లపైననే పరీక్షించి, 1958లో గినీ పందుల తామరపై పనిచేయునని కనుగొనిరి. కాబట్టి ఈ రోగము రైతునకు పరాయిది కాదు. మడిలో మనము చూచు శత్రువే ఒంటి మీద చేరినది.

2. క్యాండిడా అను మరియొక శిలీంధ్రము. ఇది చర్మము ముడుతపడు చోట్ల ఎర్రగా, చెమ్మగా, పచ్చిగా నుండును. పెద్ద మచ్చ చుట్టును చిన్న చిన్న పొక్కులు విడివిడిగా కనబడును. బీజముల తిత్తికిని సోకును. పురుషాంగము మొనపై ఎర్రదనము, మంట, పెరుగు వంటి తెల్లని పదార్థము కూడ కనబడవచ్చును. ఇది మాటిమాటికి వచ్చుచున్నచో చక్కెర వ్యాధి కలదేమో చూడవలెను. ఈ దురదతో ఆసుపత్రికి పోయి, తమకు చక్కెర వ్యాధి ఉన్నదని ఆ దినమే తెలిసికొనువారు కలరు. పరగడుపున రక్తములో చక్కెర డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు, అంతకు మించి రెండు మారులు వచ్చినచో చక్కెర వ్యాధి ఉన్నట్లు. ఇప్పటికే చక్కెర వ్యాధికి మందు వాడువారు ఆ బిళ్లల పేరు వైద్యునికి చెప్పవలెను. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి బిళ్లలు చక్కెరను మూత్రము గుండ పంపును. అందువలన కొందరికి ఆ చోట ఈ శిలీంధ్రము పెరుగును. అటులని ఆ బిళ్లలను మీ అంతట మీరు మానరాదు.

3. గజ్జి. ఇది శిలీంధ్రము కాదు. మిరపపై వచ్చు నల్లి వంటి అతి చిన్న నల్లి చర్మములో సొరంగము త్రవ్వి గ్రుడ్లు పెట్టుట వలన వచ్చును. రాత్రి పడకపై దురద హెచ్చును. వ్రేళ్ల సందులు, మణికట్లు, బొడ్డు చుట్టును పొక్కులుండును. పురుషాంగముపైన, బీజముల తిత్తిపైన గట్టి బుడిపెలు వచ్చును. ఇంటిలో మరికొందరికి దురద ఉన్నచో దీనినే మొదట అనుమానింపవలెను. తామర మందు దీనికి పనిచేయదు. పచ్చపురుగు మందుతో నల్లి చావనట్లే ఇదియు. వైద్యులు సాధారణముగా 5 శాతము పెర్మెత్రిన్ క్రీమును మెడ మొదలు అరికాళ్ల వరకు రాత్రి రాయించి ఉదయము స్నానము చేయుమందురు. వారము దినములకు మరల రాయుమందురు. ఇంటిలోని వారందరును ఒకే దినమున రాసికొననిచో ఒకరి నుండి ఒకరికి తిరిగి వచ్చుచునే యుండును. నల్లులు చచ్చిన తరువాత కూడ రెండు, మూడు వారములు దురద ఉండవచ్చును. దానిని చూచి మందు పనిచేయలేదని తలచరాదు.

4. మందులు, రసాయనములు తగిలి వచ్చు మంట. పురుగుమందు, కలుపు మందు, ఘాటైన సబ్బు, నీరు కలపని క్రిమిసంహారక ద్రవము, కొత్త బట్ట రంగు ఇవన్నియు ఆ చోటి పలుచని చర్మమును రేపగలవు. దీనిని గురించి క్రింద విడిగా చెప్పుచున్నాను.

5. ఇతర చర్మ రోగములు. సోరియాసిస్ అను రోగము గజ్జలలో పొలుసు లేకుండ నున్నని ఎర్ర మచ్చగా రావచ్చును. మోచేతులు, తల, గోళ్లు చూచినచో దాని జాడ తెలియును. ముడుతలలో గోధుమ రంగు మచ్చగా వచ్చి, పెద్దగా దురద లేకుండ ఉండునది బాక్టీరియా వలన కావచ్చును. ఏండ్ల తరబడి గోకుట చేత చర్మము ఏనుగు తోలు వలె మందమై, ఆ మందమే మరల దురద పుట్టించుట కలదు. మొనపై చర్మము తెల్లబారి, బిగిసి, వెనుకకు రాకపోవుట మరియొక రోగము.

6. సుఖవ్యాధులు. దురద కన్న పుండు, చీము, గుంపుగా వచ్చి మండు నీటి పొక్కులు వీటికి గుర్తులు. నొప్పి లేని పుండును తేలికగా చూడరాదు. సవాయి రోగపు పుండు సాధారణముగా నొప్పి పెట్టదు. అది తనంతట మానినట్లు కనబడినను రోగము లోపల నిలిచియుండును. రక్త పరీక్షతో తెలియును, సూదిమందుతో నయమగును.

ట్యూబు మందు చేయు కీడు

మందుల షాపులలో దురదకు ఇచ్చు ట్యూబులలో పెక్కింటియందు మూడు, నాలుగు మందులు కలిసియుండును: శిలీంధ్రమును చంపునది ఒకటి, బాక్టీరియాను చంపునది ఒకటి, వీటితో పాటు స్టిరాయిడ్. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ అను పేర్లు ట్యూబుపై చిన్న అక్షరములతో అచ్చువేసియుండును. ఇంగ్లీషు రానివారు చదువుకొను పిల్లలచేత చదివించుకొనవచ్చును.

స్టిరాయిడ్ దురదను, ఎర్రదనమును వెంటనే అణచును. ఆ ఎర్రదనము చర్మము శిలీంధ్రముతో చేయు పోరాటము. పోరాటము ఆగినంతనే శిలీంధ్రము సుఖముగా ప్రాకును. పైకి మాత్రము నయమైనట్లే ఉండును. మందు మానిన దినమున రెట్టింపు వెడల్పున బయటపడును. అంచు, పొలుసు మొదలగు గుర్తులు చెరిగిపోవుటచేత వైద్యుడు కూడ చూపుతో పోల్చుట కష్టమగును. నెలల తరబడి రాసినచో చర్మము పలుచనై, చారలు పడి, చివరకు రాయనిదే మంట ఆగని స్థితి వచ్చును.

ఈ కీడు గజ్జలలోనే ఎక్కువ. చర్మము అన్ని చోట్ల ఒకే విధముగా మందును పీల్చుకొనదు. 1967లో అమెరికాలో ఫెల్డ్‌మన్, మైబాక్ అను వైద్యులు జరిపిన కొలతలలో, ముంజేతి చర్మము పీల్చుకొను స్టిరాయిడ్ కన్న బీజముల తిత్తి చర్మము 42 రెట్లు అధికముగా పీల్చుకొనునని తేలినది.

వైద్యుని చీటీ లేక ఈ మందులను అమ్మకుండునట్లు 2018లో కేంద్ర ప్రభుత్వము చర్మముపై రాయు 14 రకముల స్టిరాయిడ్లను షెడ్యూలు హెచ్ జాబితాలో చేర్చినది. కాని అడిగినవారికి ఇచ్చు షాపులు ఇంకను కలవు. కనుక జాగ్రత్త మనదే.

ఇంకొక సంగతి కూడ కలదు. పురుగుమందును సగము మోతాదున మాటిమాటికి కొట్టినచో పురుగు మందుకు అలవాటుపడుట మీరెరిగినదే. తామర శిలీంధ్రము విషయమునను ఇట్లే జరిగినది. ఒకప్పుడు టెర్బినఫైన్ మందుతో కొలది వారములలో తగ్గిన తామర ఇప్పుడు పెక్కుమందిలో లొంగుట లేదు. భారతీయుల నుండియు, నేపాలీయుల నుండియు లభించిన ఇట్టి శిలీంధ్రమునకు 2020లో జపాను పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టిరి. మన దేశము పేరు ఒక తామర తెగులునకు అంటుకొనినది.

అటులని స్టిరాయిడ్ ఎల్లప్పుడును విషము కాదు. పైన చెప్పిన తెల్లబారి బిగియు రోగమునకును, కొన్ని రకముల ఒరుపులకును వైద్యులు దానినే, కొలతతో, కొద్ది కాలము రాయింతురు. ఒక రోగమునకు మందైనది మరియొక రోగమునకు ఎరువగును. అందుచేతనే రోగ నిర్ణయము ముందు, మందు తరువాత.

పురుగుమందు కొట్టువారికి

1971లో ప్రకటింపబడిన పరిశోధనలో, పారథియాన్ అను పురుగుమందును ముంజేతిపై వేయగా సుమారు 9 శాతము ఒంటిలోనికి పోయినది. బీజముల తిత్తి చర్మముపై వేయగా దాదాపు అంతయు పోయినది. పారథియాన్ నేడు మన దేశమున నిషిద్ధము. కాని చర్మము స్వభావము మారలేదు.

వీపున తగిలించుకొను స్ప్రేయరు మూత కారినచో మందు వీపు మీదుగా నడుముకు, అక్కడి నుండి గజ్జలకు జారును. నడుము ఎత్తు పత్తిలోను, మిరపలోను మందు కొట్టుచు ముందునకు నడచినచో పంచె, లుంగీ తడిసి తొడలకు అంటుకొనును. అన్నింటికన్న మించి, మందు కలిపిన చేతులతోనే మూత్ర విసర్జనకు కూర్చుందుము. చేతులు తరువాత కడుగుకొనుట అలవాటు. మందు కొట్టు దినమున ముందును కడుగవలెను, తరువాతను కడుగవలెను.

కారు స్ప్రేయరును బాగుచేయించిన పిదపనే భుజమున వేసికొనుడు. గాలికి ఎదురు నడువకుడు. పని ముగిసిన వెంటనే సబ్బుతో స్నానము చేసి, ఆ బట్టలను ఇంటి బట్టలతో కలపక విడిగా ఉతికింపుడు. మందు కొట్టిన కొలది గంటలలో గాని మరునాడు గాని మంట, ఎర్రదనము వచ్చినచో ఆ మందు డబ్బా పైని చీటీని, లేక దాని పేరును వ్రాసికొని వైద్యునికి చూపవలెను. మంటతో పాటు వాంతి, తల తిరుగుట, చూపు మసకబారుట, నోట చొంగ కారుట ఉన్నచో అది చర్మరోగము కాదు, విషము ఎక్కుట. క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను.

చేయరాని నాటు పనులు

కిరోసిన్ పూయుట, వెల్లుల్లి ముద్ద కట్టుట, సున్నము రాయుట, నల్లజీడి నూనె తాకించుట వలన ఆ పలుచని చర్మము కాలి బొబ్బలెక్కును. నల్లజీడితో చాకలి గుర్తు వేసిన బట్ట తగులుట చేతనే కొందరికి పొక్కులు వచ్చును. ఇక రసమునే పూసిన సంగతి చెప్పవలెనా? పైరుకు వాడు శిలీంధ్రనాశినులు కొన్ని తామర మందుల కుటుంబమునకే చెందినవని విని, ప్రొపికొనజోల్, హెక్సాకొనజోల్ వంటి వాటిని ఒంటికి రాసికొనరాదు. అట్లే పశువులకు వేయు ఐవర్‌మెక్టిన్ మందును గజ్జికి తాము వాడరాదు. మనుష్యుల బిళ్ల వేరు, దాని మోతాదు ఒంటి బరువును బట్టి వైద్యుడు నిర్ణయించును.

వైద్యుని వద్దకు పోవునప్పుడు

జిల్లా ఆసుపత్రులలోను, వైద్య కళాశాలల ఆసుపత్రులలోను చర్మవ్యాధుల విభాగము కలదు. దాని తలుపుపై "చర్మ, సుఖవ్యాధుల విభాగము" అని బోర్డు ఉండును. ఆ రెండవ మాట చూచి, ఎవరైనా తెలిసినవారు చూతురేమో అని వెనుదిరుగు మగవారు ఎందరో కలరు. నేనును ఆ వరండాలో అరగంట అటు ఇటు తిరిగితిని. లోపల కూర్చున్నవారిలో పదేండ్ల బాలుడు, డెబ్బదేండ్ల వృద్ధుడు, పెండ్లి కావలసిన ఆడపిల్ల ఉండిరి. ఎవరును నా వంక చూడలేదు. సుఖవ్యాధుల అనుమానము ఉన్నవారికి ప్రభుత్వ ఆసుపత్రులలో సురక్షా క్లినిక్ అను పేర ఉచిత పరీక్ష, మందు, ఆంతరంగికముగా మాటలాడు వసతి ఉన్నవి.

పోవునప్పుడు ఈ క్రింది విషయములు గుర్తుంచుకొనుడు.

1. ఇంతవరకు రాసిన ట్యూబులు, మ్రింగిన బిళ్లలు, ఖాళీవైనను సంచిలో వేసికొని పోవుడు. దాచుట వలన నష్టము మనకే.

2. దురద ఎప్పుడు మొదలైనది, ఎక్కడ మొదలైనది, పగలు ఎక్కువా, రాత్రి ఎక్కువా, ఇంట ఇంకెవరికైనా ఉన్నదా, ఇవి చీటీపై వ్రాసికొనుడు. లోపలికి పోయిన పిదప సిగ్గుచేత సగము మరచిపోదుము.

3. ఏ పైరుకు ఏ మందు కొట్టితిరి, తడిలో ఎన్ని గంటలు పని చేయుదురు అను సంగతి కూడ చెప్పుడు. వైద్యుడు అడుగకపోవచ్చును.

4. పోవు దినమున ఆ చోట ఏ మందును, పౌడరును రాయకుడు. పొలుసు పరీక్ష సరిగా రాదు.

5. మాటలతో సరిపెట్టక చూపుడు. తొడ చూపి, బీజములకు కూడ ఉన్నదని చెప్పక వచ్చినచో ఆకు చూపి వేరు దాచినట్లే. వైద్యుడు చూడకనే చీటీ వ్రాయబోయినచో "ఒకసారి చూడండి డాక్టరు గారూ" అని మర్యాదగా అడుగుడు. అడుగుటకు మీకు హక్కు కలదు.

చేయు పరీక్షలు

భయపడవలసిన పరీక్షలు కావు. మచ్చ అంచున పొలుసును మొద్దు కత్తితో గోకి గాజు పలకపై వేసి, పొటాషియము హైడ్రాక్సైడు ద్రావణము చుక్క వేయుదురు. అది చర్మపు పొలుసును కరిగించును. శిలీంధ్రము దారములు మిగులును. సూక్ష్మదర్శినిలో అవి సన్నని కొమ్మల వలె కనబడును. కొలది నిమిషముల పని. అవసరమైనచో పొలుసును ప్రయోగశాలలో పెంచి ఏ జాతియో చూతురు. దానికి కొన్ని వారములు పట్టును. ఒక ప్రత్యేక దీపపు వెలుగులో కొన్ని బాక్టీరియా మచ్చలు పగడము వలె ఎర్రగా మెరయును. రక్తములో చక్కెర, సవాయి, హెచ్.ఐ.వి. పరీక్షలు వ్రాసినచో మీపై అనుమానముతో వ్రాసినారని తలచరాదు. ఇవేవియు తేల్చనప్పుడు మత్తు సూది ఇచ్చి గింజంత చర్మము ముక్క తీసి పరీక్షింతురు.

ఒక్కొక్కప్పుడు మొదటి మారే పేరు తేలదు. ఇంతకు ముందు రాసిన మందుల వలన శిలీంధ్రము కనబడకపోవచ్చును. అప్పుడు వైద్యుడు కొన్ని దినములు మందులు ఆపి మరల రమ్మనవచ్చును. విసిగి మరల షాపుకు పోకుడు. చెప్పిన నాటికి ఆ వైద్యుని వద్దకే తిరిగి పోవుడు.

చికిత్సా కాలమున

తామర మందును మచ్చపైన మాత్రమే కాక, అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర రాయవలెను. కంటికి కనబడని శిలీంధ్రము అక్కడ నుండును. చేను గట్టున కలుపు మిగిల్చినచో ఏమగునో ఇదియు అంతే. దురద పోయినను వైద్యుడు చెప్పినన్ని వారములు వాడవలెను; సాధారణముగా మచ్చ పోయిన తరువాత కూడ రెండు వారములు రాయుమందురు. ఇంటిలో రోగము ఉన్న అందరును ఒకే మారు చికిత్స పొందవలెను.

పొలము నుండి రాగానే తడిబట్ట విప్పి స్నానము చేసి, ముడుతలు పొడిగా తుడుచుకొని, వదులుగా నుండు నూలు బట్ట కట్టుడు. కాలి వ్రేళ్ల సందులు తుడుచుట మరువకుడు. తువాలు ఎవరిది వారికి విడిగా ఉండవలెను. లోబట్టలను నీడన, గది మూలన ఆరవేయు అలవాటు మగవారికిని, ఆడవారికిని కలదు. వాటిని వేడి నీట ఉతికి, తిరగవేసి ఎండలో ఆరవేయుడు. ఇది సిగ్గుపడవలసిన పని కాదు.

ఆలస్యము చేయరాని గుర్తులు

నెల దినములు గడచినను మానని పుండు, పురుషాంగముపై గట్టి కణితి, తాకిన రక్తము వచ్చుట, ముందు చర్మము క్రొత్తగా బిగిసి వెనుకకు రాక దుర్గంధపు స్రావము వచ్చుట, గజ్జలలో గట్టి బిళ్లలు కట్టుట - ఇవి కాన్సరునకు గుర్తులు కావచ్చును. తొలి దశలో చూపినచో చిన్న చికిత్సతో బయటపడవచ్చును. సిగ్గుతో దాచినచో అంగమును, కడకు ప్రాణమును పోగొట్టుకొనవలసి వచ్చును. జ్వరముతో ఆ భాగము వాచి, నలుపెక్కి, భరింపరాని నొప్పి వచ్చినచో, ముఖ్యముగా చక్కెర వ్యాధి కలవారు, ఆ గంటలోనే ఆసుపత్రికి పోవలెను.

సారాంశము

గజ్జల దురద ఒకే రోగము కాదు. రెండు వారములలో తగ్గని దురదను, లేక తగ్గి మరల వచ్చు దురదను వైద్యునికి చూపవలెను. పేరు తెలియని ట్యూబు రాయరాదు. స్టిరాయిడ్ కలిసినదానిని చీటీ లేక కొనరాదు. వాడిన మందులు దాచరాదు. మందు మధ్యలో మానరాదు. ఇంటిల్లిపాదికి ఒకేసారి చికిత్స చేయించవలెను. స్ప్రేయరు పట్టిన చేయి కడుగక ఒంటిని తాకరాదు.

మడిలో తెగులు కనబడినచో సంచిలో ఆకు వేసికొని మా విశ్వవిద్యాలయమునకు ముప్పది మైళ్లు ప్రయాణము చేసి వచ్చు రైతులను నేనెరుగుదును. ఆ ఆకును చూపుటకు వారు సిగ్గుపడరు. ఒంటికి వచ్చిన తెగులును కూడ ఆ విధముగనే చూపుడు. నేను ఎనిమిది నెలలు ఆలస్యము చేసితిని. మీరు చేయవద్దు.